విద్యాసాగరుడును విత్తమును

మన సంఘముయొక్క వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు ఒక మహాపురుషుని చరిత్రము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మన కులమున జన్మించిన పెద్దల చరిత్రములు ఇదివరకటి సంచికలలో పెక్కు ప్రకటింపబడినవి. ఈ మారు మేము మన కులమువాడును గాక, మన భాష మాటలాడినవాడును గాక యున్న యొక వంగదేశపు పండితుని జీవితమును ఎన్నుకొంటిమి. కారణమును దాచము. ఈ సభయందు పేదవిద్యార్థుల సహాయనిధినిగూర్చి చర్చ జరుగనున్నదని ఆహ్వానపత్రికలో చూచితిమి. నిధి యన్న మాట వినబడినంతనే మనలో కొందరి ముఖములు వికసించును, కొందరివి ముడుచుకొనును, కొందరు కిటికీవైపు చూచెదరు. ధనమునుగూర్చి మన మనస్సులయందు భయము, సిగ్గు, ఆశ, అనుమానము అల్లుకొని యున్నవి. ధనముతో మనుష్యునకు గల చుట్టరికము ఆరోగ్యముగా నున్నచో అతని నాయకత్వము ఎట్లు బలపడునో, అందొక మూల దెబ్బ తగిలిన నది యెట్లు కుంటుపడునో, రెండును చూపగల జీవితము ఈశ్వరచంద్ర విద్యాసాగరునిది. కావున వ్రాయుచున్నారము.

తెలుగువారికి ఆయన పేరు క్రొత్తది కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారిని దక్షిణదేశ విద్యాసాగరుడని లోకము కీర్తించినది. ఆ బిరుదునందలి సామ్యమును మెచ్చుకొన్నవారు పెక్కుండ్రుగాని, ఆ ఇరువురు పెద్దలకును సంస్కారకార్యమునకు వలసిన సొమ్ము ఎచ్చటనుండి వచ్చెనని అడిగినవారు అరుదు. ఇరువురును పంతుళ్లే. ఇరువురును స్వంత ముద్రాయంత్రమును పెట్టుకొని, స్వంత గ్రంథములను అచ్చువేసి అమ్ముకొని, ఆ రాబడిని ఉద్యమమునందు వెచ్చించినవారే. వీరేశలింగముగారికి కాకినాడ వాస్తవ్యులైన పైడా రామకృష్ణయ్యగారి ధనసాహాయ్యము లభించినది. విద్యాసాగరునకు మాట యిచ్చినవారు పలువురు, నిలుపుకొన్నవారు కొందరు.

ఆయన 1820 సెప్టెంబరు 26వ తేదీన వీరసింహమను పల్లెయందు జన్మించెను. ఆ గ్రామము నేడు పశ్చిమ బెంగాలు రాష్ట్రమునందలి పశ్చిమ మేదినీపురము జిల్లాలో నున్నది. తండ్రి ఠాకూరుదాసు బందోపాధ్యాయుడు, తల్లి భగవతీదేవి. వంశమున శాస్త్రపాండిత్యము కలదు, ఇంటిలో గింజలు లేవు. ఠాకూరుదాసు పసితనము వీడకముందే పొట్టకూటికై కలకత్తా చేరెను. అచ్చట నొకనాడు ఆకలికి తాళలేక తనయొద్దనున్న ఇత్తడి పళ్లెమును అమ్మబోగా, ఎరుగనివానియొద్ద కొనిన నేమి చిక్కు వచ్చునో యని కంచరివారెవ్వరును కొనరైరి. వీధులు తిరిగి తిరిగి, తుదకు మరమరాలు అమ్ము నొక యంగడి ముందర నిలిచి మంచినీళ్లడిగెను. అంగడి నడుపు స్త్రీ అతని ముఖము చూచి, దాహము వెనుకనున్న ఆకలిని కనిపెట్టి, మరమరాలును పెరుగును పెట్టి కడుపు నింపినది; తిండి దొరకని దినమున మరల రమ్మని చెప్పి పంపినది. కొంతకాలమునకు అతనికి నెలకు రెండు రూపాయల ఉద్యోగము దొరకగా ఇంటిలో పండుగ చేసికొన్నంత సంబరము కలిగినదట. ఈ వృత్తాంతమును విద్యాసాగరుడు తాను పూర్తి చేయక విడిచిన స్వీయచరిత్రమున స్వయముగా వ్రాసికొన్నాడు. వందలకొలది రూపాయలు చేతిమీదుగా పోయిన పెద్దవయస్సున, తండ్రి అమ్మలేకపోయిన పళ్లెమును ఆయన మరువలేదు. పేరు తెలియని ఆ స్త్రీనిగూర్చి వ్రాయనిదే ముందుకు పోజాలకపోయెను.

మా అనుభవమున, లేమినుండి వచ్చినవారు రెండు తెగలుగా కనబడుదురు. ఒక తెగవారు గుప్పిట విప్పరు. రెండవ తెగవారు వచ్చినదెల్ల వెదజల్లి, గడచిన పేదతనముమీద పగ తీర్చుకొందురు. పైకి విరుద్ధములుగా తోచినను ఈ రెండును ఒక్క భయమునకు పుట్టిన బిడ్డలే. విద్యాసాగరుడు ఏ తెగకును చెందడు. తండ్రివలన ఆకలిని, అంగడి స్త్రీవలన పెట్టుటను ఏకకాలమున నేర్చుకొన్నవాడగుటచేత, రూపాయనుచూచి ఆయన ఉలికిపడలేదు, మురిసిపోలేదు.

ఎనిమిదేండ్ల బాలుడు తండ్రివెంట కాలినడకను కలకత్తాకు పోవుచు దారిలోని మైలురాళ్లను చూచి ఇంగ్లీషు అంకెలు నేర్చుకొన్న కథ వాచకములలో చదివినదే గనుక విడిచెదము. 1829 జూనులో సంస్కృత కళాశాలయందు చేరెను. బడాబజారులోని యిరుకు బసలో తండ్రికిని తమ్ములకును వండిపెట్టుచు, గిన్నెలు తోముచు, వ్యాకరణము, కావ్యము, అలంకారము, వేదాంతము, స్మృతి, న్యాయము వరుసగా పఠించి విద్యాసాగర బిరుదమును పొందెను. 1841 డిసెంబరులో ఫోర్టు విలియము కళాశాలయందు ప్రధానపండిత పదవి దొరకినది. జీతము నెలకు ఏబది రూపాయలు.

ఇరువది యొకటేండ్ల యువకుడు మొదటి జీతము నేమి చేసెనో చూడుడు. తండ్రిచేత ఉద్యోగము మాన్పించి స్వగ్రామమునకు పంపి, నెలకు ఇరువది రూపాయలు ఇంటికి కట్టెను. మిగిలిన ముప్పదితో కలకత్తాలో తమ్ములును, దగ్గరి బంధువుల పిల్లలును కలిసి యున్న బసను నడపెను. ఇందు త్యాగమని చాటుకొన్నది లేదు, విలాసమును లేదు. ఎవరికెంత యని ముందే లెక్క కట్టుకొని, ఆ లెక్కప్రకారము నడచుటయే. ఏబది వచ్చినప్పుడు అలవడిన ఆ పద్ధతియే ఐదువందలు వచ్చినప్పుడును ఉండెను. ముతక ధోవతి, ముతక దుప్పటి, కాళ్లకు చెప్పులు: ఆయన వేషము జీతముతోపాటు పెరుగలేదు.

1846లో ఆయన సంస్కృత కళాశాలకు సహాయ కార్యదర్శిగా వచ్చెను. పాఠక్రమమును చక్కబరుప పూనుకొనగా పై కార్యదర్శియైన రసమయ దత్తుగారితో పొసగలేదు. 1847లో రాజీనామా నిచ్చెను. ఉద్యోగము విడిచి ఏమి తిని బ్రతుకునని దత్తుగారు చుట్టుప్రక్కలవారిని అడుగగా, కూరగాయలమ్ముకొనియైనను బ్రతికెదను గాని గౌరవము లేనిచోట ఉండనని విద్యాసాగరుడు బదులు చెప్పి పంపినట్లు జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఇట్టి మాటలు కోపమున మనమును అనగలము. అయితే ఆయన అంతటితో ఆగలేదు. స్నేహితుడైన మదనమోహన తర్కాలంకారునితో కలిసి, నీలమాధవ ముఖోపాధ్యాయుని యొద్ద ఆరువందల రూపాయలు అప్పు తెచ్చి, సంస్కృత ముద్రాయంత్రమను పేర అచ్చుకూటము స్థాపించెను. భారతచంద్రుని అన్నదామంగళమును శుద్ధప్రతిగా అచ్చువేయగా ఫోర్టు విలియము కళాశాలవారు నూరు ప్రతులను ఆరువందల రూపాయలకు కొనిరి. ఆ సొమ్ముతో అప్పు తీరిపోయెను. మిగిలిన ప్రతులమీద వచ్చినది లాభము.

పండితుడు వ్యాపారము చేయుట చిన్నతనమని ఆనాటివారు తలచిరి. మా గురువులును అట్లే తలచెడివారు. సరస్వతిని అమ్ముకొనుట యను నిందకు భయపడి మా తరమువారు పెక్కుమంది తమ వ్రాతప్రతులను చెదలకు సమర్పించిరి. విద్యాసాగరునకు ఆ సిగ్గు లేదు. మంచి పుస్తకమును తప్పులు లేకుండ అచ్చువేసి తగిన ధరకు అమ్ముట ధర్మమే యని ఆయన యెంచెను. మేము ఉద్యోగమున ప్రవేశించిన కొన్నియేండ్లకు ఆయన ఉపక్రమణికను ఒక మిత్రుని యింట చూచి, శబ్దమంజరిని వల్లెవేయుటయందు మేము గడపిన దినములను తలచుకొని విచారించితిమి. ఆ సంస్కృతవ్యాకరణము 1851లో వెలువడెను. 1855లో వంగభాషకు అక్షరాభ్యాస గ్రంథమైన వర్ణపరిచయము వెలువడినది. తరతరముల వంగబాలకులు దానితోనే ఓనమాలు దిద్దిరి. ఇట్టి పుస్తకముల రాబడియే ఆయన నోటికి స్వాతంత్ర్యమైనది.

ఆ స్వాతంత్ర్యము ఎట్టిదో 1858లో తెలిసినది. 1851లో సంస్కృత కళాశాలకు అధ్యక్షుడై, అంతవరకు బ్రాహ్మణ వైద్య బాలకులకే తెరచియున్న ఆ విద్యాలయమున మొదట కాయస్థులకును, 1854లో గౌరవకుటుంబములకు చెందిన హిందూ బాలకులందరికిని ప్రవేశము కల్పించెను. మన కులమువారు ఈ యొక్క పనికైనను ఆయనకు నమస్కరింపవలసియున్నది. అదే కాలమున ప్రవేశరుసుమును, తరువాత నెలకొక రూపాయ జీతమును ఏర్పరచెను. ఉచితముగా చేరిన పిల్లలు తోచినప్పుడు వచ్చి తోచినప్పుడు పోవుచుండగా, కొంచెమైనను చెల్లించినవాడు చదువును ఖాతరు చేయునని ఆయన యోచన. పేదలను ప్రేమించినవాడు రుసుము విధించుట వింతగా తోచవచ్చును. ఆయనకు వింత గాదు. ఇయ్యవలసినచోట ఇచ్చుట, అడుగవలసినచోట అడుగుట, రెండును ఒక్క చేతి పనులే.

1855లో పాఠశాలల పరీక్షాధికారమును గూడ చేరగా జీతము ఐదువందల రూపాయలైనది. ఆనాడు భారతీయునకు అది మహాపదవి. 1857 నవంబరు మొదలు 1858 మే వరకు, పై అధికారుల మాటను నమ్మి హుగ్లీ, బర్ద్వాను, మేదినీపురము, నదియా జిల్లాలలో ముప్పదియైదు బాలికాపాఠశాలలు తెరచెను. సుమారు పదమూడువందలమంది బాలికలు చేరిరి. తీరా ప్రభుత్వము వ్యయమును మంజూరు చేయలేదు. ఉపాధ్యాయులకు మూడువేల రూపాయలకు పైగా జీతములు నిలిచిపోయినవి. ఆ ఉపాధ్యాయులు నమ్మినది ప్రభుత్వమును గాదు, విద్యాసాగరుని. ఆయన పట్టు వదలక వ్రాయగా వ్రాయగా బాకీమాత్రము ప్రభుత్వము చెల్లించినది. ముందు వ్యయమునకు చేయి చాపవలదన్నది. ఇట్టి కారణములు పెరిగి, 1858 నవంబరులో ఉద్యోగమును విడిచెను. వయస్సు ముప్పదియెనిమిది. ఉపకారవేతనము లేదు. ఆ పాఠశాలలను తెలిసినవారియొద్ద చందాలు పోగుచేసి, తానును వేసి, నడపగలిగినన్ని నడపెను.

ఐదువందల రూపాయల జీతమును విడుచుటకు ధైర్యము చాలునా? చాలదని మేమందుము. ధైర్యముతోపాటు వెనుక అచ్చుకూటము వలయును, అలవాటైన ముతకబట్ట వలయును, ఎంత వచ్చిన ఎంతతో జరుగునో ఎరిగిన బుద్ధి వలయును. ఈ మూడును లేనివాడు పై అధికారి యెదుట తల వంచినచో మేము నిందింపము. మేమును పలుమారు వంచితిమి.

ఇక వితంతువివాహముల సంగతి. 1856 జూలై 26న శాసనము వచ్చినది. డిసెంబరు 7న కలకత్తాలో శ్రీశచంద్ర విద్యారత్నునకును కాళీమతీదేవికిని మొదటి వివాహము జరిగినది. శాస్త్రవాదమున గెలుచుట యొక యెత్తు. వివాహము చేసికొన్నవారిని ఊరు వెలివేయగా వారిని నిలబెట్టుట మరియొక యెత్తు. పెండ్లిఖర్చు, నగలు, కాపురమునకు సామగ్రి, వెలి పడిన కుటుంబమునకు నెలభత్యము, వ్యాజ్యము వచ్చిన వకీలు ఖర్చు, అన్నియు ఆయన నెత్తినే పడెను. 1867 నాటికి జరిగిన అరువది వివాహములకు ఎనుబదిరెండువేల రూపాయలు వ్యయమైనట్లు లెక్క. చందా వేసెదమని కాగితముమీద సంతకము చేసిన పెద్దమనుష్యులు చాలమంది తరువాత కనబడలేదు. విద్యాసాగరుడు అప్పులపాలయ్యెను. వివాహము పేరు చెప్పి సొమ్ము తీసికొని, ఇదివరకే భార్య యున్న సంగతి దాచి మోసపుచ్చినవారును కలరు.

ఆ సంవత్సరముననే ఆయన ఋణము తీర్చుటకు చందాలు పోగుచేయవలయునని కొందరు హితులు పత్రికలలో ప్రకటించిరి. ప్రకటనను చూచి ఆయన సంతోషింపలేదు. తన యప్పులు తనవే యనియు, వానిని తీర్చుటకు తాను ఎవరిని అర్థింపలేదనియు పత్రికాముఖమున తెలియజేసి ఆ ప్రయత్నమును ఆపించెను. అట్లని ఉద్యమమునకు చందాలు అడుగుట ఆయన మానలేదు. ఇందలి సూక్ష్మమును మేము ఎన్నియో యేండ్లు గ్రహింపలేకపోతిమి. వితంతువుల పేర అడుగుటకు సిగ్గుపడనివాడు తన పేర పుచ్చుకొనుటకు ఒప్పుకొనలేదు. కార్యముయొక్క సంచియు తన సంచియు వేరని, తన సంచికి చిల్లి పడినను కార్యము పేర దానిని కుట్టించుకొనరాదని ఆయన మతము. రెండు సంచులు ఒక్కటైనచోట చెడని సంఘమును మేము చూడలేదు.

1869లో అచ్చుకూటమునందలి మూడింట రెండుపాళ్లు అమ్మి అప్పులలో కొంత తీర్చెను. పుస్తకశాల నిర్వాహము చెడినదని విసిగి, ఎవరైన తీసికొన్న ఇచ్చివేయుదునని ఒకనాడు అనగా, వ్రజనాథ ముఖోపాధ్యాయుడను నతడు తాను తీసికొందుననెను. తరువాత పదివేల రూపాయలిత్తుమని వేరొకరు వచ్చిరనియు, మాట యిచ్చితినని చెప్పి వ్రజనాథునకే ఊరక ఇచ్చెననియు చెప్పుదురు. నోటి మాటను పదివేలకంటె మిన్నగా నెంచుట గొప్పయే. అయినను అప్పులవారు వాకిట నుండగా విసుగుచేత ఆస్తిని వదలుకొనుట గృహస్థునకు తగునా యని మాకు సంశయము. మహాపురుషుని ప్రతి చేష్టయు అనుకరణీయమని మేము అనజాలము.

ఆయన ధనస్వభావమున నొక లోపము కలదు. కాదనుట తెలియదు. తనకై ఎవరిని ఏమియు అడుగనివాడు, అడిగినవానిని త్రోసిపుచ్చలేడు. మహాకవి మైకేలు మధుసూదన దత్తు బారిష్టరు చదువుకై ఐరోపాకు పోయి, 1864లో ఫ్రాన్సునందు భార్యాబిడ్డలతో పస్తులుండి, కారాగారమునకు పోవలసిన స్థితిలో విద్యాసాగరునకు జాబు వ్రాసెను. ఆగస్టులో పదునైదువందల రూపాయలు పోయినవి. తరువాత ఇంకను పోయినవి. చేత లేనప్పుడు ఇతరులయొద్ద తన మాటమీద తెచ్చి పంపెను. కవి 1867లో తిరిగివచ్చి న్యాయవాది యయ్యెను. సంపాదన కంటె వ్యయము ముందు నడచెను. అప్పిచ్చినవారు కవిని విడిచి విద్యాసాగరుని పట్టుకొనిరి. 1873లో కవి లేమియందే కన్నుమూసెను. ఒక మహాకవిని బ్రతికించిన పుణ్యము విద్యాసాగరునిదే. కాని యితరుల ధనమును తన మాటమీద తెచ్చునపుడు, తన ధనమును ఇచ్చునప్పటికంటె పదిరెట్లు జాగరూకత వలయునని ఆయనయు ఆలస్యముగా నేర్చుకొనెను. మేలు పొందినవారే తరువాత దూషింపగా ఆయన మనస్సు విరిగినది. తుది దినములలో కలకత్తా పెద్దలయెడ ఆయనకు కలిగిన వైముఖ్యమునకు ఇదియొక కారణము. ఇచ్చుటకు హద్దు లేనివాడు పుచ్చుకొన్నవానినుండి కృతజ్ఞతయందును హద్దు లేనితనమును ఆశించును. అది లోకమున దొరకదు.

అయితే పరుల సొమ్మునకు లెక్క అడుగవలసినచోట ఆయన మెత్తదనము చూపలేదు. 1872 జూనులో హిందూ ఫ్యామిలీ ఆన్యుయిటీ ఫండు అను నిధి ఏర్పడినది. సామాన్య గృహస్థులు నెలనెల కొంచెము చెల్లించినయెడల వారి మరణానంతరము భార్యాపిల్లలకు భత్యము ముట్టు ఏర్పాటది. వితంతువుల యాతన ఎరిగినవాడు గనుక ఆయన దాని స్థాపకులలో చేరి, ధర్మకర్తయును అయ్యెను. నాలుగేండ్లు తిరుగకముందే నిర్వాహము సరిగా లేదని కనిపెట్టి, దోషములను వివరముగా వ్రాసి యిచ్చి, తొలగిపోయెను. తన పేరు చూచి సొమ్ము కట్టిన బీదలకు తాను జవాబుదారి యనియు, చక్కబరుపలేనిచోట పేరుమాత్రము ఉంచరాదనియు ఆయన భావము. నిర్వాహకులు స్నేహితులే. స్నేహము చెడునని ఆయన వెనుదీయలేదు.

ఇచ్చట మా యొక తప్పును చెప్పుకొనవలసియున్నది. మాకు ముప్పదేండ్ల వయస్సున, ఒక పట్టణమునందు పేదబాలురకై నడచుచున్న వసతిగృహమునకు మేము కార్యదర్శిగా నుంటిమి. కోశాధికారి మాకు తండ్రివంటివారు. మమ్ము అబ్బాయీ యని పిలుచువారు. పెద్ద వర్తకులు, ఉదారులు. మూడేండ్లు లెక్కలు సభముందు పెట్టలేదు. అడుగవలసినవారము మేము. అడిగిన, అనుమానించితిమని వారు నొచ్చుకొందురేమో యని ప్రతి నెలయు వాయిదా వేసితిమి. దుకాణపు చిట్టాలో వసతిగృహపు పద్దులు కలిసిపోయినవి. గుసగుసలు బయలుదేరినవి. చందాదారులు ఒక్కొక్కరు మానుకొనిరి. విద్యాసంవత్సరము నడుమ, మాఘమాసమున, గృహము మూతపడెను. పదునెనిమిదిమంది బాలురు ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకొని బస్సులెక్కిరి. వారిలో ఎందరు మరల బడి మెట్లెక్కిరో మేము విచారింపలేదు. విచారించుటకు ధైర్యము చాలలేదు. ఆ పెద్దలు ఒక్క రూపాయయైనను తినలేదని మేము నేటికిని నమ్ముదుము. అయినను ఆ నింద మోసికొనియే వారు పోయిరి. మేము సకాలమున లెక్క అడిగియున్నచో వారి పేరు నిలిచియుండెడిది. లెక్క అడుగుట అవమానమని తలచి మేము వారికి చేసిన అవమానము ఇంతింతనరాదు.

మెట్రోపాలిటన్ విద్యాలయ విషయమున విద్యాసాగరుడు నడచిన తీరు ఇందుకు భిన్నము. 1859లో ఆరంభమైన యొక పాఠశాలను క్రమముగా తన చేతిలోనికి తీసికొని, 1864లో దానికి మెట్రోపాలిటన్ విద్యాలయమను పేరిడి, 1872లో కళాశాలగా చేసెను. తెల్లదొరలు లేనిదే కళాశాల నడవదని అందరు అనుచుండగా భారతీయోపాధ్యాయులతోడనే నడపెను. 1879లో బి.ఏ. తరగతులు వచ్చినవి. దానినుండి తనకై ఏమియు పుచ్చుకొనలేదు. పిల్లల జీతములతో ఉపాధ్యాయుల జీతములు, మిగులుతో భవనము: ఇంతే. ఆ కళాశాల బాధ్యతను వహించియుండిన స్వంత అల్లుని విషయమున లెక్కలలో భేదము కనబడగా ఆయననే తొలగించెను. కుమార్తె ముఖము చూడవలసిన తండ్రికి అది సులభమైయుండదు. నేడు ఆ కళాశాల విద్యాసాగర కళాశాల యను పేర నడచుచున్నది.

1875 మే 31న వ్రాసిన మరణశాసనమును చదివినవారికి ఆయన చిత్తవృత్తి తెల్లమగును. బంధువులు, స్నేహితుల కుటుంబములవారు, తన్నాశ్రయించిన అనాథస్త్రీలు, ఒక్కొక్కరికి నెలకింత యని పేరుపేరున వ్రాసి, స్వగ్రామమునందలి పాఠశాలకును వైద్యశాలకును కేటాయించి, నడత నచ్చని ఏకైక పుత్రుని మినహాయించెను. ఆ పుత్రుడే 1870లో వితంతువును వివాహమాడి తండ్రికి సంతోషము కలిగించినవాడు. తండ్రి ఆ సంతోషమును మరచెనా? మరువలేదనియే మా నమ్మకము. కాని సంతోషమునకు బదులుగా ఆస్తి యిచ్చుట ఆయన యెరుగడు. కఠినమని కొందరందురు. మేము నిర్ణయింపజాలము, మాకును కుమారులు కలరు.

వార్ధక్యమున ఆయన కలకత్తాను విడిచి తరచు కర్మాటారునకు పోయెడివాడు. అది సంతాలులు నివసించు ప్రదేశము, నేటి జార్ఖండు రాష్ట్రమున నున్నది. అచ్చట చిన్న యిల్లు, తోట, హోమియోపతీ మందులపెట్టె. 1878లో హరప్రసాద శాస్త్రి, తరువాత మహాపండితుడై ప్రసిద్ధి పొందినవాడు, దారిలో ఆ యింట దిగి తాను చూచినదంతయు పిమ్మట వ్రాసి యుంచెను. ఉదయమున ఒక సంతాలు వచ్చి, కొడుకునకు జబ్బుగా నున్నదనియు, మొక్కజొన్నపొత్తులు తీసికొని కొంత సొమ్మిమ్మనియు అడిగెను. విద్యాసాగరుడు బేరమాడక, అడిగినంత యిచ్చి తీసికొనెను. పిమ్మట మరియొకడు వచ్చెను, మరియొకడు వచ్చెను. ఎవడు ఏ ధర చెప్పిన ఆ ధరయే. గదిలోని అలమారలన్నియు పొత్తులతో నిండిపోయినవి. ఇన్ని పొత్తులు ఈ వృద్ధుడేమి చేసికొనునని యువకుడైన శాస్త్రికి తోచలేదు.

కొంతసేపటికి పనిపాటలు చేసికొని సంతాలులు గుంపుగా వచ్చి ఆకలి యనిరి. ఆయన అలమారలు తెరచి, ఉదయమున కొన్న పొత్తులను పంచిపెట్టెను. వారు ఎండుటాకులును పుల్లలును పోగుచేసి అచ్చటనే నిప్పుజేసి, కాల్చుకొని తినుచుండిరి. 1891 జూలై 29న కలకత్తాలో దేహము చాలించువరకు ఆయనకు ఆ యింటియెడ మక్కువ తగ్గలేదు. ఆనాడు మాత్రము ఆయన వరండాలో నిలిచి, ముఖము వికసింప, వారు తినుటను చూచుచుండెనట.